కోత పండుగ పాటలో ఫిల్టర్

తుక్కుగూడ దాటాక ఉన్న ఒక ఊరి చర్చిలో కోత పండుగకు సింథసైజర్ వాయించమని పాస్టర్ గారు అడిగినప్పుడు, శంషాబాద్ నుంచి నా కారులోనే వస్తాను, ఆటో పంపవద్దని చెప్పాను. కారు పాతదే. కానీ మావాళ్లు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దొరలు. వాద్యం ఒళ్లో పెట్టుకుని ఆటో దిగడం నాకు కుదరదు.

పాడేవాళ్లంతా ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద ఒక అవ్వ; డోలక్ వాయించేది ఆమె కోడలు. రిహార్సల్ రోజు వయొలిన్ల గుంపులాంటి స్వరం ఎంచుకుని నిండుగా వాయించాను. మొదటి చరణం ముగియకముందే అవ్వ చెయ్యెత్తి పాట ఆపింది.

"ఏంది దొరా గిది? మీ తాత ముంగట మా అత్త గొంతు లేవకపాయె. ఇగ నీ పెట్టె ముంగట మా గొంతు గూడ లేవద్దా?"

అందరూ పగలబడి నవ్వారు. పాస్టర్ గారు మాత్రం నేలకేసి చూశారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

"జర తక్కువ పెట్టన్నా," అంది కోడలు.

సౌండ్ తగ్గించాను. ఈసారి నేను వినబడలేదు, వాళ్లకు శ్రుతి అందలేదు. పాట ఎటో పోయింది.

"గిట్లయితే మాకు డోలక్ చాలు," అని అవ్వ తేల్చేసింది. "పండుగనాడు నువ్వొచ్చి అన్నం తినిపో."

భోజనానికి పిలిచి వాద్యాన్ని వద్దనడం! మా ఇంటి మనిషిని ఎవరూ అలా పంపలేదు. "ఇంకొక్కసారి వినండి," అన్నాను. అడగడం నాకు అలవాటు లేని పని.

సింథసైజర్ ముడి శబ్దంలో అన్నీ ఒకేసారి ఉంటాయి: అడుగున గుమ్మనే నాదం, పైన చురుకైన గరగర. మనిషి పాడే మాట తేటగా వినబడేది కూడా ఆ పైభాగంలోనే. రెండూ అక్కడ ఒరుసుకుంటాయి. సౌండ్ తగ్గిస్తే అంతా చిన్నదవుతుంది, ఇరుకు మాత్రం పోదు. ఫిల్టర్ అలా కాదు; పైభాగాన్ని తీసేసి అడుగును ఉంచుతుంది. వీధిలో బ్యాండు పోతున్నప్పుడు తలుపులు మూస్తే డప్పు ఒక్కటే వినబడుతుంది, తెరవగానే బాకాలు లోపలికి వస్తాయి. మా గడీకి అలాంటి టేకు తలుపులుండేవి. ఇప్పుడవి ఎయిర్‌పోర్టు దగ్గర ఒక రిసార్టు ముఖద్వారానికి ఉన్నాయి, బాగానే మెరుస్తున్నాయి. వాద్యకారులు ఫిల్టర్‌ను తిప్పే ఈ ఒక్క నాబ్‌ను అంతగా నమ్ముకునేది ఇందుకే: పాట నడుస్తుండగానే అదే స్వరాన్ని దూరం పంపవచ్చు, దగ్గరకు పిలవవచ్చు.

ఫిల్టర్ బాగా మూసి మొదలుపెట్టాను. స్వరం మెత్తగా నేలంతా పరుచుకుంది, వాళ్ల మాటలు దాని మీద తేటగా నడిచాయి. చరణం అయ్యాక వాళ్లు ఊపిరి పీల్చుకునేటప్పుడు నాబ్ మెల్లగా తిప్పాను. వయొలిన్లన్నీ వెలుతురులోకి వచ్చినట్టు లేచాయి. వాళ్లు మళ్లీ అందుకోగానే మూసేశాను.

"ఇప్పుడేం జేసినవ్?" అంది అవ్వ.

"తగ్గాను."

"మీరెప్పుడన్న తగ్గిన్రా?" అని కోడలి వైపు చూసి కన్నుగీటింది. "సరే, అన్నమైతే ఎట్లనూ ఉంది. పెట్టె గూడ తే."

పండుగనాడు చర్చికి కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టేసిన కోళ్ల పక్కన నాకు కుర్చీ వేశారు. ఆఖరి చరణానికి ముందు అవ్వ వెనక్కి చూడకుండానే అరచేయి పైకి కదిపింది, ఇంకా తెరువు అన్నట్టు. మా వంశంలో సైగ చేసినవాళ్లే గానీ సైగకు వాయించినవాళ్లు లేరు. తెరిచాను. ఆమె చెయ్యి ఇంకా పైకి లేస్తూనే ఉంది, నేను తిప్పుతూనే ఉన్నాను.