నీళ్లలోకి దింపేవాడి కోసం

ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. తొంభైల చివర్లో నందిగామలో మోటార్లు బాగుచేసేవాణ్ణి. వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డున రైతుల పంపులుండేవి. నీళ్లలో గొట్టం చివరుండే ఫుట్‌వాల్వుకి నాచు పట్టేస్తే పంపు లాగదు. దాన్ని శుభ్రం చేయడానికి మునిగేవాడు జగ్గయ్యపేట నుంచి వచ్చేదాకా నేను ఒడ్డున గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. విసుగెత్తి, ఆ మునిగేదేదో నేనే నేర్చుకుంటానని ఇంట్లో చెప్పాను.

నా భార్యకి అప్పుడు ఏడో నెల. వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది.

"వద్దంటే మీరు ఆగరు. నేర్పేవాడెవడో మాత్రం చూసుకోండి. మీరు నీళ్లకింద ఉంటే, పైనున్నవాడి చేతిలోనే కదండీ మేముండేది" అంది.

నేను మాత్రం పేరున్నవాడని ఆ జగ్గయ్యపేట మనిషినే పట్టుకున్నాను. "రెండ్రోజుల్లో నేర్పేస్తా" అన్నాడు. నాకు కావలసిందీ అదే. పంక్చర్ షాపుల్లో ఉండే గాలి మిషన్‌ని డీజిల్ ఇంజనుతో నడిపి, దాని గొట్టం నోట్లో పెట్టుకుని దిగాలి. నడుముకి తాడు. మూడుసార్లు గుంజితే పైవాడు లాగాలి. ఇంజను పొగ సరిగ్గా గాలి మిషన్ మీదికే కొడుతోంది. అదే చెప్పాను.

"మెకానిక్‌వి గదా, నీకన్నీ రిపేర్లే కనపడతయ్" అని నవ్వాడు.

దిగిన కాసేపటికే నోటినిండా డీజిల్ కంపు, తల దిమ్మెక్కింది. తాడు గుంజాను. మళ్లీ గుంజాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చచ్చానే అనుకున్నాను. గొట్టం వదిలేసి ఎలాగో పైకొచ్చి ఒడ్డున వాంతి చేసుకున్నాను. ఆ మహానుభావుడు తాడుని రాయికి చుట్టేసి, రైతులకి తన గొప్పలు చెబుతున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను.

ఈసారి పంపుల రైతులందర్నీ ఒకటే అడిగాను: ఎవరు దిగితే మీకు భయముండదు? అందరూ చెవిటికల్లు అనే ఊళ్లో ఉండే పెద్దాయన పేరే చెప్పారు. వెళ్లి కలిశాను. దిగేముందు ఆయన తువ్వాలు ఎత్తి గాలివాటం చూశాడు. పొగ అవతలికి పోయేలా ఇంజను జరిపించాడు. ఒడ్డునే కూర్చుని గొట్టంతో కాసేపు గాలి పీల్చి చూసుకున్నాడు. దొరికాడురా అనుకున్నాను.

"ముందు తాడు పట్టుకోవడం నేర్చుకో అబ్బాయ్" అన్నాడు.

ఎనిమిది రోజులు తాడే. "ఇంకెప్పుడు దింపుతావు బాబాయ్?" అంటే, "తొందరేముంది?" అనేవాడు. తొమ్మిదో రోజు ఆయన లోపల ఎంతసేపున్నా తాడు కదల్లేదు. ఎండ మాడుస్తోంది. నాకు కాలు నిలవలేదు. తాడుని పంపు స్టాండుకి చుట్టి, ఒక్క సిగరెట్ తాగొద్దామని కట్ట ఎక్కాను.

తిరిగొచ్చేసరికి ఆయన ఒడ్డున బోర్లాపడి దగ్గుతున్నాడు. కాలి పిక్క చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పాత వల ఏదో చుట్టుకుందట, కోసుకుని వచ్చాడు. స్టాండుకి చుట్టిన తాడు వైపు ఒకసారి చూశాడు. నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడే ఆయన భార్య క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆ కాలు చూసి హడలిపోయింది.

"అయ్యో, ఇదేందండీ! తాడు కాడ ఎవురున్నారు?"

"ఈ అబ్బాయే. గట్టిగా లాగాడు గనక సరిపోయింది" అన్నాడు ఆయన, పిక్కకి తువ్వాలు చుట్టుకుంటూ.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. క్యారేజీ విప్పి ముందు నాకే అన్నం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వెళ్లకూడదనే అనుకున్నాను. వెళ్లాను. ఆయన కట్టుకట్టిన కాలితోనే నీళ్లలోకి దిగుతూ, తాడు కొస నా చేతికిచ్చాడు.