బట్టలకొట్టు మావయ్య, బాస్కెట్‌బాల్ పిల్లలు

మొన్న మా మావయ్య పెద్దకర్మకి నరసన్నపేట వెళ్ళాను. గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లో సగానికి సగం ఆటల బూట్లే. పట్టుచీరల్లో నడివయసు ఆడవాళ్ళు, ట్రాక్‌సూట్లలో పడుచుపిల్లలు వరండాలో ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఏడుస్తున్నారు. ఊరికి కొత్తగా వచ్చిన వంటాయన గరిట పట్టుకునే నా దగ్గరకొచ్చి, "ఈళ్ళందరూ ఆయన కూతుళ్ళేనేటమ్మా?" అని మెల్లగా అడిగాడు. అవునన్నట్టు తల ఊపేశాను.

మావయ్య మా అమ్మకి సొంత తమ్ముడు. తాతల నాటి బట్టలకొట్టు, కొట్టు వెనకే ఇల్లు. పొట్టి మనిషి, ముందుకొచ్చిన బొజ్జ, ఎప్పుడూ పైకి మడిచిన ప్యాంటు. చూసినవాళ్ళెవరూ ఆటగాడనుకోరు. ఆయన ఆడింది కూడా తక్కువే. కాలేజీలో బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాడు గానీ, ఉన్నన్నాళ్ళూ బెంచీ మీదే ఉన్నాడు. ఆ సంగతెత్తి మా నాన్న ఏడిపిస్తే, "బావా, ఆడీవోడికి బంతే అగుపిస్తాది. బెంచీ మీదోడికి ఆటంతా అగుపిస్తాది" అనేవాడు. కూతురు హైస్కూల్లో చేరాక, బెంచీ మీద చూసిందంతా దానికి నేర్పాలన్న బుద్ధి పుట్టింది. ఒక్క పిల్లతో ఆట సాగదు కదా, అందుకని అప్పట్లో అదే వీధిలో ఉండే నన్ను ముందు పట్టుకున్నాడు, తర్వాత వీధిలో ఆడపిల్లల్ని. స్కూలు వెనక తుప్పు పట్టి ఉన్న స్తంభాలకి రంగు వేయించి, రింగులు బిగించి, సున్నంతో గీతలు తనే గీశాడు. కొలవడానికి కొట్టులోని మీటరు బద్ద పట్టుకొచ్చాడు. ఆ ఉదయం బేరానికొచ్చినవాళ్ళు బద్ద లేక, కొట్టు తెరిచి ఉన్నా బట్ట కొనలేక, అరుగు మీద కూర్చుని ఆయన్ని తిట్టుకున్నారట.

పిల్లల్ని పోగెయ్యడం అంత సులువుగా అవలేదు. "ఆడగుంటలు నిక్కర్లేసుకుని గెంతడమేటి?" అని తల్లులు తలుపులేసుకునేవారు. మావయ్య కొట్టులోంచే బట్ట చింపి, కాలి మడమ దాకా వచ్చే వదులు పైజామాలు కుట్టించాడు. పరిగెడితే అవి గాలికి ఉబ్బి, మేమంతా తెరచాప ఎత్తిన పడవల్లా ఉండేవాళ్ళం. ఆట అయ్యాక గుడ్డు తింటే బలమని ఎవరో చెప్పారు గానీ, అత్త ఇంట్లోకి గుడ్డు రానిస్తుందా? నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క కట్టి పంపేది. తను మాత్రం గ్రౌండుకి ఒక్కసారీ రాలేదు. "సూడ్డానికి నాకు సిగ్గు బాబూ" అని నవ్వేది.

ఆ కూతురు నా మరదలు. నాకన్నా ఏడాది చిన్నది. సన్నగా, నల్లగా, చెవులకి పెద్ద దుద్దులతో ఉండేది. గురి తప్పితే రింగుని తిట్టేది, పడితే మళ్ళీ ఆ రింగుకే దణ్ణం పెట్టేది. మిగతా మమ్మల్ని మావయ్య ఎంతో ఓపికగా దిద్దేవాడు గానీ, దాని ఆట చూసేటప్పుడు దిద్దడం మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు.

అది పదో తరగతిలో ఉండగా, కార్తీకమాసంలో ఒక ఉదయం, మంచు ఇంకా విడలేదు. "ఒదినా, ఇటియ్యి" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. బంతి అందుకుంది. అందుకున్నది అందుకున్నట్టే కింద కూర్చుంది. అలిసిందేమో అనుకున్నాం. తర్వాత మెల్లగా పక్కకి ఒరిగింది. మావయ్య ఆ పిల్లని చేతుల మీద వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు, పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని, ఇంట్లో కూర్చుని ఉన్నా ఏదో ఒకనాడు ఇలాగే అయ్యేదని చెప్పాడు. ఆ మాట ఊళ్ళోకి రాలేదు. "ఆటాడించి బిడ్డని సంపేసుకున్నాడు" అన్న మాటే ఇల్లిల్లూ తిరిగింది. అందరికన్నా ముందు ఆ మాట మా అమ్మమ్మే అంది, కన్నకొడుకు ముఖం మీదే. మావయ్య తల వంచుకుని విన్నాడు. అత్త ఏమీ అనలేదు. అదే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉండేదేమో.

ఆ తర్వాత గ్రౌండులో గడ్డి మొలిచింది. స్తంభాలకి ఎవరో గేదెల్ని కట్టేవారు. మావయ్య కొట్టులో కూర్చుని, అడిగిన బట్ట అడిగినంత చింపి ఇచ్చేవాడు, అంతే. బేరమాడడం కూడా మానేశాడు.

ఏడాది గడిచాక ఒకరోజు నేనూ అమ్మా కొట్టులో ఉండగా, పక్క ఊరి రైతు ఇల్లాలొకామె పొడుగాటి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బట్టకి కాబోలనుకుని మావయ్య అరలోంచి ఒక బట్టతాను దించబోయాడు.

"బట్ట కాదు బాబూ. నా గుంటకి ఆట నేర్పాల" అందామె.

మావయ్య చెయ్యి తాను మీదే ఆగిపోయింది. "నా సంగతి నీకు తెలీదేటమ్మా? ఎవుల్నడిగినా సెప్తారు."

"తెలుసు బాబూ. తెలిసే వొచ్చాను. నీకన్నా జాగర్తగా సూసీవోడు ఇంకెవుడున్నాడు?"

మావయ్య తానుని మళ్ళీ అరలోకి తోసేశాడు. అంతలో వెనక ఇంట్లోంచి అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూసింది. చాలాసేపు చూసింది. "రేపు పొద్దున్నే పంపించమ్మా. ఆయనొస్తాడు" అని చెప్పి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నేనూ అమ్మా గ్రౌండుకి వెళ్ళేసరికి మావయ్య గడ్డి పీకుతున్నాడు. అత్త గట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో శనగల డబ్బాతో.

ఆ తర్వాత ఎన్ని జట్లు వచ్చాయో, ఎందరు పిల్లలు రాష్ట్రం తరఫున ఆడారో, ఎందరికి ఆట పేరుతో ఉద్యోగాలొచ్చాయో ఊరంతా చెబుతుంది. నాకు మాత్రం వేరే సంగతులు గుర్తున్నాయి. కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ శ్రీకాకుళం బస్సెక్కించి గుండె పరీక్ష చేయించాకే బంతి ముట్టనిచ్చేవాడు. ఆట మధ్యలో బూటు లేసు కట్టుకోవడానికి ఎవరైనా కూర్చుంటే ఆయన ముఖం తెల్లగా పాలిపోయేది. "కూకునీ ముందు నాకు సెప్పి కూకోండమ్మా" అని బతిమాలేవాడు. పిల్లలకి అది నవ్వులాట. కారణం తెలిసిన నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. పోయిన నెల దాకా, కర్ర ఊతంతో కూడా గ్రౌండుకి వెళ్ళొచ్చాడట. ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, ఇక లేవలేదు.

కర్మ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. అత్త నా పక్కన చాప మీద కూర్చుని, నా చెంపల మీద నెరిసిన వెంట్రుకల్ని వేలితో వెనక్కి తోసింది. "అదుంటే దానికీ ఈపాటికి నెరిసిపోయీవి కదే" అంది. ఎంత ప్రయత్నించినా నెరిసిన తలతో ఆ పిల్ల నా కళ్ళకి కట్టలేదు. కాలం మా అందరి చెయ్యీ పట్టుకుని ఇంత దూరం నడిపించుకొచ్చింది గానీ, దాని చెయ్యి మాత్రం పదో తరగతి దగ్గరే వదిలేసింది.