వదిన కత్తెర

మా వదినకు బొటనవేలి మొదట్లో వాపు వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. మా అన్నది జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, సెలవు పెడితే మర్నాడు ఆ పనిలో ఇంకొకడు ఉంటాడు. డాక్టరు ఆ చేతిని నొక్కి, తిప్పి చూసి, వదినకు కాకుండా నాకు హిందీలో చెప్పాడు. కైంచీ బంద్, పూరా ఆరామ్ - కత్తెర ముట్టకూడదు, చేతికి పూర్తిగా విశ్రాంతి. కీలు అరిగిపోతోందట, ఇప్పుడు కత్తెర మానకపోతే వేలు పట్టు తప్పుతుందట. నేను బుద్ధిమంతుడిలా తలూపాను.

బయటికొచ్చాక వదిన, "ఏటన్నాడు?" అని అడిగింది. ఆవిడకు హిందీ అర్థం కాక కాదు. ఇక్కడికి కాపరానికొచ్చి ఇన్నేళ్ళయ్యింది, ఛత్తీస్‌గఢీలో బేరాలు కూడా ఆడుతుంది. నేనేమంటానో విందామని అడిగింది. నేను, "కత్తెర సంగతి నేను చూస్తాలే వదినా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు చాలా గొప్పగా అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

భిలాయి-3 కాలనీలో మా అద్దె ఇంటి ముందుగది అంతా వదిన కుట్టుపనే. చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ కత్తెర కింద పడాల్సిందే. అన్నకు ఒక నెల పని ఉంటే ఒక నెల ఉండదు కాబట్టి మా వంటింట్లో పొయ్యి వెలిగేది చాలావరకు ఆ కత్తెర మీదే. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ నోరెత్తి అనుకోలేదు.

నేను హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్లో ఇనప సామాన్లు అరగదీసే గ్రైండింగ్ పని చేస్తాను. మా పనివాళ్ళకొక జబ్బుంది. ఎవరికైనా ఎక్కడైనా నొప్పి అంటే మాకు మనిషి కనిపించడు, పనిముట్టు పిడి కనిపిస్తుంది. ఆ రాత్రే వదిన కత్తెర తీసి చూశాను. పాత ఇనప కత్తెర, బొటనవేలు దూర్చే రింగు ఇరుకు, అంచు పదును. ఆవిడ దానికి జాకెట్ గుడ్డ పీలికలు చుట్టుకుంది, అవి నూనె పట్టి నల్లబడ్డాయి. ఇంత పాపపు వస్తువును ఇన్నాళ్ళూ ఆవిడ చేతిలో ఎలా ఉండనిచ్చామా అనుకున్నాను. తప్పంతా కత్తెరదే అని తేల్చేశాను.

యూనిట్లో భోజనాల వేళ కూర్చుని దాన్ని మార్చాను. ఇరుకు రింగు కోసేసి, అరచెయ్యి ఆనేటట్టు వంపు తిరిగిన వెడల్పు పట్టీ వెల్డింగ్ చేశాను. దాని మీద మెత్తటి రబ్బరు అతికించాను. రెండు పిడుల మధ్య చిన్న స్ప్రింగు పెట్టాను, నొక్కి వదిలితే చాలు, దానంతటదే తెరుచుకుంటుంది. మధ్యలో మర బిగింపు ఎంతసేపు సవరించానో! చప్పుడు కూడా వినసొంపుగా ఉండాలని నా పట్టుదల.

వదిన మొదటిసారి దాంతో ఒక పాత లంగా ముక్క కోసి, ఇంకో ముక్క కోసి, ఊరికే ఇంకోటి కోసింది. ముఖం వెలిగిపోయింది. "ఇదేటి మరిదీ, దానంతటదే ఎల్లిపోతంది! కత్తిరించినట్టే నేదు, ఆడుకున్నట్టుంది." వచ్చినవాళ్ళందరికీ చూపించింది. "మా మరిది పెల్లాం అదురుష్టవంతురాలు, ఎక్కడుందో గానీ" అని ఏడిపించింది. నేను పొంగిపోయాను. డాక్టరు చెప్పినది నాకు గుర్తులేదని అనలేను. గుర్తుంది. కానీ నొప్పి లేనప్పుడు ఆరామ్ ఎందుకులే అని సర్దిచెప్పుకున్నాను.

అంతలో తీజా వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు పుట్టింటికెళ్ళే పండగ, కొత్త చీరా కొత్త జాకెట్టూ లేకుండా ఎవరూ బస్సెక్కరు. "దీదీ, నాది ముందు" అంటూ గుమ్మం ముందు ఒకటే సందడి. ఎప్పుడూ సగంమందిని వెనక్కి పంపే వదిన ఈసారి ఎవరినీ పంపలేదు. చెయ్యి నొప్పెడుతోందా అని అన్న ఒకసారి అడిగితే, "మీ తమ్ముడు మంచి కత్తెర సేసిచ్చాడు కదా" అంది. అన్న నిశ్చింతగా పడుకున్నాడు. నేనూ పడుకున్నాను.

తీజా తరవాత విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో పనిముట్టు పట్టుకునేవాడు ఉండడు. యూనిట్లో మెషిన్లన్నీ కడిగి బొట్లు పెట్టి ఆపేస్తాం. ఇంట్లో వదిన కూడా కుట్టుమిషనుకు పూలదండ వేసి, దాని మీద కత్తెర పెట్టి, కుంకుమ అద్దింది. ఆ రోజంతా దాన్ని ముట్టుకోలేదు.

నేను యూనిట్ నుంచి బూందీ ప్రసాదం పొట్లం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అది జారి నేలమీద పడి బూందీ గదంతా దొర్లింది. "సూసుకోనేదు" అని వంగి, ఒక్కొక్క పలుకూ ఏరబోయింది. బొటనవేలు చూపుడువేలి దాకా రావడంలేదు. ఎంత ప్రయత్నించినా రావడంలేదు. ఆవిడ గబగబా ఎడంచేత్తో ఏరడం మొదలుపెట్టింది, నేను చూడలేదనుకుని.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. నా కత్తెరకు బొటనవేలి పట్టుతో పనిలేదు. ఆ వేలు చచ్చుబడుతున్నా జాకెట్లు తెగుతూనే ఉన్నాయి. నా రబ్బరు నొప్పిని మెత్తబరిచింది, అరచేత్తో నొక్కినప్పుడల్లా అరుగుతున్న కీలు మీద భారం మాత్రం రోజూ పడుతూనే ఉంది. పాత కత్తెరే ఉండుంటే వదిన ఏడుస్తూనైనా తీజాకు ముందే ఆపేసేది.

మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళాం. ఆయన వేలు వంచి చూశాడు. ఆ వేలికి పాత పట్టు రావడం కష్టం అన్నాడు.

మొన్న పని నుంచి వచ్చేసరికి వదిన మిషను ముందు కూర్చుని, ఎడంచేత్తో కత్తెర పట్టుకుని తంటాలు పడుతోంది. వంపు కుడిచేతికి చేసింది కాబట్టి చేతికి ఇమడడంలేదు. నన్ను చూసి నవ్వింది.

"ఎడం సేతికి ఒకటి సేసియ్యి మరిదీ. ఇదైతే బాగానే ఉంది కదా, నొప్పి నేదు."

"చెయ్యను" అన్నాను.

"ఏటి, పనెక్కువైపోనాదా?"

"వదినా, డాక్టరు నిన్ను మానమన్నాడు. ఆ మాట నీకు చెప్పకుండా కత్తెర చేసిచ్చాను. నీ వేలు నేనే పోగొట్టాను."

 వదిన ఒళ్ళోని గుడ్డ సర్దుకుంది.

"డాక్టరన్నది నానూ యిన్నాను కదా. ఇంట్లో ఎవులైనా మానీమంటారేమోనని సూసినాను. ఎవులూ అన్నేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉండుంటే బాగుండేది.