చిలకపచ్చ పీలిక కట్టిన సూట్‌కేసు

నేను ఒకసారి ఓడ ఎక్కానన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడని విషయమేమీ కాదు. చెబితే ఆ వెంటనే వచ్చే ప్రశ్నలకు జవాబులు చెప్పే ఓపిక లేదు, అంతే. మొన్న గుర్‌గావ్‌లో మా ఆఫీసువాళ్ళు ఈ ఏడు అందరినీ మూడు రోజులు క్రూయిజ్‌కు తీసుకెళ్తున్నామని ప్రకటించి, ఇదివరకు ఓడ ప్రయాణం చేసినవాళ్ళు చేతులెత్తండి అన్నప్పుడు కూడా నా చేయి ఒళ్ళోనే ఉండిపోయింది. సాయంత్రానికి సామాను పోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలంటూ ఒక పొడవాటి మెయిల్ వచ్చింది. మెట్రోలో నిలబడి దాన్ని చదవడం మొదలుపెట్టి, చాలా స్టేషన్లు దాటిపోయాక చూసుకుంటే ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను. నా ఈడువాళ్ళకు జ్ఞాపకాలు రాసుకునే వయసు ఇంకా రాలేదంటారు. పుట్టి పెరిగిన ఇల్లు తమ ఎదుటే నేలమట్టమైన వాళ్ళకు ఆ వయసు కాస్త ముందే వస్తుందేమో. సరోజినీ నగర్ క్వార్టర్లలో నాతోపాటు పెరిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు తెలుస్తుంది.

మాది ఆ క్వార్టర్లలో కింది వాటా. నాన్న కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, గుంటూరు వైపు మనిషి. పై వాటాలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ అంకుల్ నాన్న ఆఫీసులోనే, నాన్న కింద పనిచేసేవారు. ఆఫీసులో ఎలా ఉండేవారో గాని, ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకే వార్తాపత్రికను రెండుగా విడదీసుకుని మెట్ల మీద కూర్చునేవారు. అమ్మా, పై వాటా ఆంటీ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. పప్పు గిన్నె పైకి వెళ్ళేది, సకినాల డబ్బా కిందికి వచ్చేది, కొన్నాళ్ళకు ఏ గిన్నె ఎవరిదో ఇద్దరికీ గుర్తుండేది కాదు. పండగ రోజున ఎవరింట్లో గ్యాస్ అయిపోతే వాళ్ళు రెండో ఇంట్లో వంట చేసుకునేవారు.

ఆంటీ వాళ్ళమ్మాయి నా ఈడుదే. ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బస్సు. ఢిల్లీలో పుట్టిన పిల్లలందరిలాగే పెద్దవాళ్ళతో తెలుగు, నాతో హిందీ మాట్లాడేది. నేను అసలే నోరు విప్పని దాన్ని కాబట్టి మా ఇద్దరి తరఫునా తనే మాట్లాడేది. సరోజినీ మార్కెట్‌లో నాకు నచ్చిన కుర్తా వైపు నేను చూసిన చూపును బట్టే కనిపెట్టి, భయ్యా, ఠీక్ సే లగావో అంటూ దుకాణదారుతో బేరానికి దిగేది. నేను పాఠ్యపుస్తకాల మధ్య తెలుగు నవలలు పెట్టుకుని చదువుతానని తెలిసింది కూడా తన ఒక్కతికే. తనకు తెలుగు చదవడం రాదు. చలికాలం మధ్యాహ్నాల్లో మిద్దె మీద ఎండలో కూర్చుని నేను చదివిన కథంతా తనకు చెప్పేదాన్ని. బయటి మనుషుల ముందు ఒక్క మాటకు తడబడే నేను తన ముందు గంటలకొద్దీ మాట్లాడేదాన్నంటే ఇప్పుడు నాకే నమ్మకం కలగదు.

మేము పన్నెండో తరగతికి వచ్చేసరికి మా బ్లాకులు కూల్చేస్తారన్న మాట ఖాయమైంది. అంకుల్ హైదరాబాదుకు బదిలీ పెట్టుకున్నారు. నాకు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ సీటు వస్తుందని నాన్న లెక్క. ఇక ఎవరు ఎక్కడుంటామో తెలియదు గనక, ప్రభుత్వోద్యోగులు కుటుంబంతో దేశం చూడటానికిచ్చే ఎల్‌టీసీ సెలవును ఈసారి కలిసి వాడుకుందామని పెద్దవాళ్ళు అనుకున్నారు. మా రెండు కుటుంబాలూ, ఎదురు బ్లాకులోని విశాఖపట్నం అంకుల్ వాళ్ళూ కలిసి, కొచ్చి నుంచి లక్షద్వీపాలు తిప్పి తీసుకొచ్చే ఓడకు టికెట్లు తీసుకున్నాం. రాత్రుళ్ళు ఓడలో పడుకోవడం, పగలు ఒక్కో దీవిలో దిగడం.

ప్రయాణానికి ముందు అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మన జట్టు సామాను దూరం నుంచే తెలిసిపోవాలని, తన పాత చిలకపచ్చ చీర ఒకటి పీలికలుగా చింపి మూడు కుటుంబాలకూ పంచింది. ప్రతి సూట్‌కేసు పిడికీ ఒక పచ్చ పీలిక. అందరూ అమ్మ తెలివిని మెచ్చుకున్నారు. రైల్లో, కొచ్చి స్టేషన్లో అది నిజంగానే పనికొచ్చింది. కూలీకి పచ్చ గుడ్డ కట్టినవన్నీ అని చెబితే సరిపోయేది.

రేవు దగ్గర షెడ్డులో సామాను యంత్రంలోంచి పరీక్షించి పంపాక ఎవరిది వాళ్ళు తీసుకుని ఓడలోకి చేర్చే బండి మీద పెట్టాలి. అక్కడ జనం, ఉక్క, అరుపులు. ఆంటీ వాళ్ళ సూట్‌కేసు యంత్రం పక్కన గోడకు ఆనించి ఉంది. నేను చూశాను, నాన్న చూశారు, విశాఖపట్నం అంకుల్ కూడా చూశారు. పచ్చ పీలిక కనబడగానే మనవాళ్ళదేలే, మనవాళ్ళెవరో పెడతారులే అని అందరం ముందుకు నడిచాం. ఓడ కదిలి, తీరం సన్నని గీతగా మారాక ఆంటీ మా క్యాబిన్ తలుపు దగ్గరికొచ్చి, మా పెట్టె మీ తాన ఉన్నదా వదినా అని అడిగింది.

"మా దగ్గరెందుకుంటుంది వదినా? మీ ఆయన పెట్టారుగా!"

"నేనేడ పెట్టిన? అన్న పెట్టిండనుకున్న," అన్నారు వెనకాలే వచ్చిన అంకుల్.

నాన్న విశాఖపట్నం అంకుల్ వైపు చూశారు, ఆయన నాన్న వైపు చూశారు. ఓడలోని గుమాస్తా రేవుకు కబురు పంపి కనుక్కుని, పెట్టె షెడ్డులోనే భద్రంగా ఉందనీ, తిరిగి వెళ్ళాకే చేతికి వస్తుందనీ చెప్పాడు.

మొదటి రోజు అదంతా నవ్వులాటగానే గడిచింది. అంకుల్ నాన్న కన్నా జానెడు పొడుగు. నాన్న ప్యాంటు ఆయనకు మడమల పైనే ఆగిపోయింది. "సముద్రంల తిరిగేటోనికి గింతే ఉండాలె, తడువది," అంటూ డెక్ మీద తనే అందరికీ చూపించుకుని నవ్వించారు. అమ్మ చీరలు ఆంటీ కట్టుకుంది, వదులైన జాకెట్టును పిన్నీసులతో బిగించుకుని. వాళ్ళమ్మాయి నా చుడీదార్లు వేసుకుంది. వాటిలో సగం తను బేరమాడి కొనిపెట్టినవే. నా మీద గోడకు తగిలించినట్టుండే బట్టలు తన మీద నిజంగా బట్టల్లా ఉన్నాయి. నాకు అసూయ కలగలేదు. నేను చెప్పిన కథను తను ఇంకొకరికి చెబుతుంటే విన్నట్టు సంతోషంగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, పక్క బల్ల మీద కూర్చున్న ఢిల్లీ ఆవిడ ఒకరు తనను చూసి, అరే, కిత్నా ప్యారా సూట్ హై బేటీ అని తన చుడీదారును మెచ్చుకున్నారు. తను థాంక్స్ అనే లోపలే అమ్మ అందుకుంది.

"హమారీ బేటీ కా హై జీ. ఇన్ కా సామాన్ ఛూట్ గయా నా, బిచారే."

మా అమ్మాయిదేనండీ, పాపం వీళ్ళ సామాను అక్కడే ఉండిపోయింది అని. తను పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. సాయంత్రం దీవి నుంచి పడవలో తిరిగొస్తుంటే ఇంకెవరో ఆంటీ చీర అంచు బాగుందన్నారు. అది నాదేనండీ, మంగళగిరి నుంచి తెప్పించాను అంది అమ్మ. ఫోటోలు తీస్తున్న వాళ్ళతోనూ అదే మాట. అమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ పీలికల ఆలోచన తనదేనని, దాని వల్లే ఇదంతా జరిగిందని ఎవరూ అనకపోయినా తన చెవిలో అది మోగుతూనే ఉంది. మేము చూస్తూ ఊరుకోలేదు, ఇచ్చాం, సర్దాం అని ఎవరికో చెప్పుకుంటే గాని ఆమెకు ముద్ద దిగేది కాదు. ఇది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం అమ్మ నోరు తెరిచినప్పుడల్లా నా కాళ్ళ కింద ఓడ ఒక పక్కకు ఒరిగినట్టుండేది.

అమ్మకు ఎదురు చెప్పడం నాకు రాదు. ఆంటీ వాళ్ళమ్మాయితో మాట్లాడి సర్దిచెప్పడానికి క్యాబిన్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. నాకు తోచింది ఒక్కటే. మంచివన్నీ తన వైపు పెట్టేసి, ఇంట్లో అంట్లు తోమేటప్పుడు వేసుకునే వెలిసిన కుర్తా ఒకటి అమ్మ ఎందుకో అడుగున సర్దితే, దాన్ని తీసి వేసుకున్నాను. నన్ను చూస్తే తను అరువు బట్టల్లో ఉన్నానన్న సంగతి మరిచిపోతుందని నా ఊహ. ఎంత పుస్తకాల ఊహో! రాత్రి భోజనానికి అందరూ కూర్చున్నాక అమ్మ నన్ను చూసింది.

"ఇదేం అవతారమే? ఉన్న మంచివన్నీ ఇచ్చేసి నువ్విలా బిచ్చగత్తెలా తయారైతే చూసేవాళ్ళేమనుకుంటారు?"

ఆంటీ నవ్వబోయి ఆగిపోయింది. అంకుల్ తన ప్యాంటు అంచులు కనబడకుండా కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నారు. నాన్న ఇంకాస్త సాంబారు వడ్డించమని పిలిచారు, గిన్నెలో ఉన్న సాంబారు అలాగే ఉండగా. ఆంటీ వాళ్ళమ్మాయి చెంచా కింద పెట్టి, నా కుర్తాను చాలాసేపు చూసింది. నేను ఎందుకలా వేసుకున్నానో తనకు చెప్పాలి. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చే లోపల తను లేచి వెళ్ళిపోయింది.

ఆఖరి పొద్దున తను ఓడ ఎక్కిన రోజటి బట్టల్లో కనిపించింది, ఢిల్లీ నుంచి రైల్లో వేసుకొచ్చినవే. కుళాయి కింద ఉతుక్కున్నట్టుంది, కుట్ల దగ్గర ఇంకా తడి ఆరలేదు. ఆంటీ కూడా తన పాత చీరలోనే ఉంది. గాలికి అంత చలి లేకపోయినా చేతులు ముడుచుకుని నిలబడింది.

సూట్‌కేసు షెడ్డులోనే ఉంది. గుమాస్తా చెప్పినట్టే ఒక్క వస్తువూ పోలేదు. అంకుల్ సంతకం పెట్టి తీసుకున్నారు. వాళ్ళకింకా సెలవుంది, అటునుంచి అటే కరీంనగర్ రైలెక్కారు. మేము ఢిల్లీ వచ్చాం. బదిలీ వచ్చి వాళ్ళు పై వాటా ఖాళీ చేసేనాటికి నేను గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉన్నాను. వస్తానని నాన్నతో అన్నాను, పరీక్షల మధ్య రాలేకపోయాను. తన ఫోన్ నంబరు మారింది. కొత్త నంబరు అమ్మ దగ్గర ఉండే ఉంటుంది, నేను అడగలేదు, అమ్మ ఇవ్వలేదు. ఆ మూడు రోజుల గురించి నా డైరీలో సముద్రం రంగు తప్ప ఇంకేమీ రాసుకోలేదు. ఏది రాసినా అమ్మ మీద పితూరీ అవుతుందని భయం.

ఉద్యోగం వచ్చిన కొత్తలో మునిర్కాలో ఒక గదిలో ముగ్గురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఎవరి స్వెటర్ ఎవరి ఒంటి మీద ఉండేదో తెలిసేది కాదు, పోయినా ఎవరూ అడిగేవారు కాదు. గది మారేటప్పుడు నా కుర్తాలు రెండు తక్కువయ్యాయని తరువాతెప్పుడో తెలిసింది. ఎవరు తీసుకెళ్ళారోనన్న ఆలోచన కూడా రాలేదు. ఆ అమ్మాయిల ముఖాలు సరిగా గుర్తు లేవు. ఇప్పుడు మనుషులు సులభంగానే కలుస్తున్నారు, సులభంగానే విడిపోతున్నారు, ఎవరి మనసూ అంతగా నొచ్చుకోవడం లేదు. నొచ్చుకునేంత దగ్గరగా ఎవరూ రావడం లేదేమో. ఈ మధ్య అలసట ఎక్కువైన రోజుల్లో నాకు అనిపిస్తుంటుంది, గిన్నెలు ఎవరివో గుర్తుండని ఆ ఇళ్ళల్లో కూడా, లోపలెక్కడో ప్రతివాళ్ళకూ అన్నీ గుర్తే ఉండేవని. ఒక సూట్‌కేసు వెనకబడేసరికి అవి బయటపడ్డాయి.

ఆ ఆఖరి పొద్దున, ఓడ ఇంకా రేవును చేరకముందు, తను మా క్యాబిన్ గుమ్మం దగ్గరికి వచ్చింది. అమ్మ బయట డెక్ మీద ఉంది. నేనొక్కదాన్నే కూర్చుని పెట్టె సర్దుతున్నాను. ఇప్పుడైనా చెబుదామని లేచి నిలబడ్డాను. తను లోపలికి రాలేదు. నాతో ఎప్పుడూ హిందీలో మాట్లాడే మనిషి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు తెలుగులో అంది:

"నీ బట్టలన్ని మడతవెట్టి ఇందాకనే ఆ బెడ్ మీద వెట్టిన. ఏమన్న తక్కువున్నయేమో ఒకసారి చూస్కో."