టైరుకు జామీను

మనిషి విలువెంత అని ఎవరైనా అడిగితే మీరంతా గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తారు. నేను ఆలోచించను. నా విలువ ఒక లారీ టైరు. అదీ కొత్త టైరు కాబట్టి చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. ఈ విలువ కట్టింది ఏ సంతలోని దళారో కాదు, అందరి ముందూ నేను తాళి కట్టిన నా భార్య సువర్ణ. విలువ కట్టిన చోటు సముద్రానికి దిగే ఘాటు రోడ్డు. సాక్షులు ఒక బస్సెడు జనం, వాళ్ళ వెనక కనుచూపు మేర నిలిచిపోయిన లారీలు. ఆ సర్వనాశనం ఎట్లా జరిగిందో చెప్తాను, వినండి. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఊరొచ్చినప్పుడు మాత్రం మా ఆవిడ ముందు ఈ మాట ఎత్తకండి, ఆమె ఇంకో నాలుగు కలిపి చెప్తుంది.

మాది సిరిగేరి. తాతల కాలం నుంచీ వరి పండిస్తున్న ఇల్లు. నేను చెప్పేది బళ్ళారి కొండల మట్టి బంగారమైపోయిన రోజుల సంగతి. తవ్వినకొద్దీ ఇనుప ఖనిజపు ఎర్రమట్టి, ఆ మట్టిని ఓడరేవుకు మోసినకొద్దీ డబ్బు. మా వైపు మడక పట్టి దున్నినవాడల్లా లారీ కొన్నాడు. నేనూ కొన్నాను. ఒకటి నడుస్తుంటే ఇంకొకటి కొన్నాను. లెక్కకు రెండే, కానీ ఎవరైనా అడిగితే నా నోట్లోంచి "ఏదో ఉండాయిలేప్పా, ఓ ఇరవై దాకా" అని వచ్చేది. ఏం చేయమంటారు? ఆ రోజుల్లో మా జిల్లాలో రెండు లారీలున్నాయని చెప్పుకోవడమంటే రెండు చెవులున్నాయని చెప్పుకోవడమే. ఎవడూ తల కూడా తిప్పడు.

సువర్ణ సముద్రం చూడలేదు. పెళ్ళైన కొత్తలో చూపిస్తానన్నాను. ఆ తరువాత నాట్లు, కోతలు, పిల్లలు, మళ్ళీ నాట్లు. ఆ సంవత్సరం దసరాకు కాసులపేరు చేయిస్తానంటే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకు కాసులపేరు వద్దు, ఏమొద్దు. పొద్దు సముద్రంలోకి దిగేది ఒక్కసారి చూడాల. చూపిస్తావా, లేదా?"

"ఓస్, అంతేనా?" అన్నాను. నా జీవితంలో 'ఓస్, అంతేనా' అన్న ప్రతిసారీ ఏదో ఒకటి నా నెత్తిన పడింది.

దసరా అయిపోయి, వరి పొట్టకొచ్చి, రైతుకు కాస్త తీరిక దొరికే రోజులవి. బళ్ళారి నుంచి దంపతుల కోసమని ఒక టూరిస్టు బస్సు బయల్దేరుతోంది. గోకర్ణ, ఉడుపి, మంగళూరు, అక్కడి నుంచి కొండలెక్కి మడికేరి, తిరుగుదారిలో మైసూరు. పాత కోటలు, పాత రేవులు, రాజుల మేడలు అన్నీ చూపిస్తారట. సాయంత్రం పూట సముద్రం దగ్గర దింపేది మాత్రం మొదటి రోజు గోకర్ణలోనే. తక్కిన చోట్ల మిట్టమధ్యాహ్నం బస్సు కిటికీలోంచే దర్శనం. అంటే సువర్ణ కోరిక తీరేది మొదటి సాయంత్రమే, తప్పితే లేదు.

బయల్దేరేముందు ఇంట్లో చిన్న తగువు జరిగింది. మా లారీలకు అప్పటిదాకా ఉన్నవన్నీ రీబటన్ టైర్లే, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి. ఆయుధపూజ వస్తోందని మొట్టమొదటిసారి ఒక కొత్త టైరు కొని స్టెప్నీగా పెట్టించాను. పూజనాడు దాన్ని బండి నుంచి దింపించి, హాల్లో పీట మీద కూర్చోబెట్టి, విభూతి పట్టెలు, కుంకుమ, చేమంతి దండ, ఎదుట గుమ్మడికాయ. ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! పేరంటానికొచ్చిన ఆడవాళ్ళు మా అమ్మాయి పట్టుచీర కన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు.

పండుగ అయిపోయింది. "లారీది లారీకి పంపించయ్యా" అంది సువర్ణ.

"పూజ చేసిన లక్ష్మిని దీపావళి కాకముందే గడప దాటిస్తారా ఎవరైనా?"

"లక్ష్మి ఈడ కూచుంటే లారీకి ఏందయ్యా గతి?"

"ఏం గాదులే. ఖాసిం నడిపితే గాల్లో పోతాది బండి."

ఖాసిం మా డ్రైవరు, నన్ను 'ధణీ' అంటాడు, అంటే యజమానీ అని. మంచివాడు. పాపం, వాడు బండిని నేల మీదే నడుపుతాడు.

బస్సులో మా పక్క సీట్లో సుబ్బారావుగారని, కంప్లి దగ్గర క్యాంపులో వ్యవసాయం చేసే పెద్దమనిషి. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నారు. మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి'. మా ఆవిడ సముద్రం చూడలేదని తెలిసి ఆయన గుండె కరిగిపోయింది.

"అయ్యో, చూడలేదాండీ? మాది సముద్రం ఒడ్డేనండి. చిన్నప్పుడు నేను ఈత నేర్చింది అందులోనేనండి."

సముద్రం ఆయన వాటాకు పోయింది కదా, మరి నా వాటాకేముంది? కిటికీలోంచి చూశాను. రోడ్డు పొడవునా ఎర్రదుమ్ము కొట్టుకున్న లారీలు. "ఆ పోతాండాదే, అది మాదే" అన్నాను. కొంత దూరం పోయాక, "ఆ హోటలు ముందర నిలబడిండేది కూడా మాదే." హుబ్బళ్ళి దాటేసరికి ఇంచుమించు ఆ రోడ్డంతా మాదే అయిపోయింది. సువర్ణ నా తొడ మీద గిచ్చుతూనే ఉంది. సుబ్బారావుగారు కళ్ళజోడు సర్దుకుని ప్రతి లారీకీ గౌరవంగా తల ఊపుతున్నారు. ఎల్లాపుర దాటి ఘాటు దిగుతుండగా బస్సు ఆగింది.

ఆగింది, ఇక కదల్లేదు. ముందంతా లారీలు. అడవి, మలుపులు, ఇంజన్లు ఆపేసిన నిశ్శబ్దం. గైడు దిగి చూసొచ్చి, కింద మలుపులో ఒక లారీ టైరు పంక్చరై రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయిందన్నాడు, స్టెప్నీ కూడా లేదట. చక్రం విప్పి అంకోలాకు పంపి పంక్చరు వేయించి తెచ్చేసరికి చీకటి పడుతుందట.

"మరి పొద్దు?" అంది సువర్ణ.

గైడు నేల చూపులు చూశాడు. సువర్ణ చెట్ల పైనున్న సూర్యుణ్ణి ఒకసారి చూసి, కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆమె తిట్టినా నాకంత కష్టంగా ఉండేది కాదు.

సుబ్బారావుగారు నా వైపు తిరిగారు. ఆయన మాటలో ఎగతాళి లేదు, అదే నా ఖర్మ. "లారీలన్నీ మీవేనంటిరి కదండీ. మీరొక్క మాట చెప్తే పక్కకు తీయరాండీ?"

బస్సంతా నన్నే చూసింది. నేను లేచాను. చొక్కా సర్దుకున్నాను. మీసం లేకపోయినా ఆ చోట ఒకసారి తడుముకున్నాను. ముందు నేను, నా వెనక సుబ్బారావుగారు, ఆయన వెనక బస్సులోని జంటలన్నీ, పెళ్ళివారిలాగా లారీల పక్కన నడుచుకుంటూ బయల్దేరాం.

"ఏయ్, ఎవరిదప్పా బండి ముందర? బుద్ధి ఉండాదా వానికి? స్టెప్నీ లేకుండా ఘాటు దిగుతారా ఎవరైనా?" అని నేను దారి పొడవునా గద్దిస్తూ నడిచాను. డ్రైవర్లు కిటికీల్లోంచి తొంగిచూసి "ఎవరప్పా ఈయన?" అనుకుంటున్నారు. ఒకడు నన్ను ఆర్‌టీవో అనుకుని బీడీ పారేశాడు. నిజం చెప్తున్నాను, అంత బాగా నడిచింది నా జన్మలో అదొక్కసారే.

మలుపు తిరిగాం. రోడ్డుకు అడ్డంగా లారీ. ముందు చక్రం గాలి పోయి చతికిలబడింది. వెనక తలుపు మీద తామరపువ్వు బొమ్మ, దాని కింద పెద్ద పెద్ద పసుపు అక్షరాల్లో ఒక పేరు.

సువర్ణ.

రెండో లారీ కొన్ననాడు ప్రేమకొద్దీ నేనే రాయించాను. నేను మెల్లగా ఒకడుగు వెనక్కి వేశాను. ఇంతలో రాయి మీద తలపట్టుకుని కూర్చున్న ఖాసిం నన్ను చూశాడు. వాడి ముఖం వెలిగిపోయింది. పరుగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధణీ! దేవుడొచ్చినట్ల వచ్చినావు! స్టెప్నీ తెచ్చినావా?"

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్బారావుగారు చాలా మర్యాదగా, "ఇరవైలో ఇది ఎన్నోదండీ?" అని అడిగారు.

"ఇరవై యాడివి సార్?" అన్నాడు ఖాసిం. వాడికి అబద్ధం చెప్పడం రాదు, అది వాడి జబ్బు. "ఉండేవే రెండు. ఇంగోటి షెడ్డులో ఉండాది, గేర్‌బాక్స్ పోయి."

"స్టెప్నీ యాడికి పోయింది ఖాసిం?" అంది సువర్ణ. ఆమెకు తెలుసు. నా నోట చెప్పించకుండా వాడి నోట చెప్పించింది.

"మీ ఇంట్లోనే కదమ్మా, హాల్లో, పీట మీద. ధణిని ఎన్ని మార్లు అడిగినా దీపావళి కానీ అనె."

ఆ మాటకు బస్సు జనమే కాదు, లారీల డ్రైవర్లు కూడా నవ్వారు. ఘాటులో కోతులున్నాయి, అవి కూడా నవ్వాయని సువర్ణ ఇప్పటికీ అంటుంది. అది అబద్ధం. ఒక్కటే నవ్వింది.

నేనిక అదిలించడం మాని బతిమాలడం మొదలుపెట్టాను. జాకీ అడిగితే ఇచ్చారు. స్పానరు అడిగితే ఇచ్చారు. స్టెప్నీ అనేసరికి అందరూ అడవిలోకి చూశారు. వాళ్ళ తప్పేం లేదు. టైర్ల దొంగతనాలు జోరుగా సాగుతున్న కాలం, రేవు దగ్గర లారీల గుంపులో కలిసిపోయిన బండిని మళ్ళీ ఎక్కడ వెతుకుతారు? కంప్లి డ్రైవరు బసప్ప దగ్గర మాత్రం సరిపోయే కొత్త స్టెప్నీ ఉంది. వాడు దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"బేడ సార్, వద్దు. ఇది పోతే మా ధణి నా తోలు వలుస్తాడు. మీకు ఇరవై లారీలుండాయంటిరి, మిమ్మల్ని ఎట్ల నమ్మేది?"

సూర్యుడు చెట్ల కొమ్మల దాకా దిగాడు. అప్పుడు సువర్ణ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"ఏమప్పా బసప్పా, అంకోలా దాకా నువ్వు కూడా అదే దోవ కదా? ఆడ పంక్చర్ వేయించి నీ టైరు నీకు విప్పిస్తాం. నమ్మకం లేకపోతే మనిషిని పెట్టుకో."

"ఏ మనిషిని అక్కా?"

"ఈయన్నే."

"ఏమే!" అన్నాను.

"నువ్వు ఊరుకోయ్యా. బసప్పా, నీ బండిలో ఎక్కించుకో. టైరు నీ చేతికొచ్చినంక ఈయన్ని వదిలిపెట్టు. రాకపోతే నీ దగ్గరే ఉంచుకో. కలుపు బాగా తీస్తాడు."

బసప్ప నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఒకసారి చుట్టూ తిరిగి కూడా చూశాడు. తరువాత మా ఆవిడ వైపు తిరిగి, ఇప్పటికీ తలుచుకుంటే నాకు చెమటలు పట్టే ఆ ప్రశ్న అడిగాడు.

"అక్కా, కొత్త టైరు కదా... ఈయనకు తోడు ఇంకేమన్నా ఇస్తావా?"

సువర్ణ నా చేతి వాచీ విప్పి కలిపింది. బేరం కుదిరింది.

అందరూ చేతులేశారు. చక్రం మారింది, లారీ పక్కకు జరిగింది, దారి తెరుచుకుంది. నన్ను బసప్ప పక్కన కూర్చోబెట్టారు. సువర్ణ కింద నిలబడి, "నేను పోతాండా. పొద్దు నా కోసరం ఆగదు" అంది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కొంగుతో నా నుదుటి మీది దుమ్ము తుడిచి, బస్సెక్కింది.

బస్సు బసప్ప లారీని దాటిపోతుంటే అందరూ నాకు చేతులూపారు. సువర్ణ ఊపలేదు. ఆమె కిటికీలోంచి పడమటి వైపే చూస్తోంది. నాకు సిగ్గు వేసింది, అది నిజం. కానీ అంతకంటే ఎక్కువగా గర్వం పొంగింది, అదీ నిజమే. ఇంతమంది మగాళ్ళం మలుపులో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, బళ్ళారి దాటి ఎన్నడూ పోని మనిషి వచ్చి, పొయ్యి మీది పాలు దించినంత సులువుగా పని చక్కబెట్టింది. "మా ఇంటామె" అన్నాను బసప్పతో. "తెలిసింది సార్" అన్నాడు వాడు, "అందుకే ఒప్పుకుంటి."

అంకోలాలో పంక్చరు వేయించి బసప్ప టైరు బసప్పకిచ్చాం. వాడు టైరును తట్టి చూసుకుని, నా వాచీ ఇచ్చి, "పోయిరా సార్" అని నన్ను విడుదల చేశాడు. ఖాసిం గోకర్ణ మలుపులో దింపాడు. ఆటో పట్టుకుని ఒడ్డుకు చేరేసరికి పొద్దు పూర్తిగా గుంకి, ఆకాశం అంచున కాస్త ఎరుపు మిగిలింది. నేను తలనుంచి కాళ్ళ దాకా ఎర్రమట్టి. బస్సు జనమంతా ఇసుకలో కూర్చున్నారు. సువర్ణ ఒక్కతే నీళ్ళలో నిలబడి ఉంది, చీర మోకాళ్ళ దాకా తడిసిపోయి.

సుబ్బారావుగారు నెమ్మదిగా అన్నారు. "అప్పట్నించీ అట్లాగే ఉన్నారండీ. పిలవబుద్ధి కాలేదండీ."

నేను నీళ్ళలోకి దిగి పక్కన నిలబడ్డాను.

"చూసినావా?"

"చూసినా." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "కడదాకా చూసినా. మునిగిపోయినంక కూడా చూస్తానే ఉంటి."

"నేను లేకపోతినే పక్కన" అన్నాను. నిజంగానే బాధేసింది.

సువర్ణ నా వైపు తిరిగింది.

"లేకుండేదే మంచిదాయె. నువ్వుండింటే, ఈ సముద్రం కూడా మాదేనని సుబ్బారావుగారికి చెప్తా ఉంటివి."

వెనక సుబ్బారావుగారు నవ్వలేక ఇసుకలో వెల్లకిలా పడ్డారు. ఆయన భార్య లేపబోయి ఆమే కూర్చుండిపోయింది.

అందుకని ఆ సాయంత్రం, నడుం లోతు నీళ్ళలోకి పోయి, దోసిట్లో సముద్రాన్ని పట్టుకుని, సూర్యుడు అప్పటికే వెళ్ళిపోయాడు కాబట్టి సుబ్బారావుగారి సాక్షిగా ప్రమాణం చేశాను. పూజ అయిన మర్నాడే టైరును బండికెక్కిస్తాను. రెంటిని రెండే అంటాను. రోడ్డు మీద పోయేదాన్నీ, హోటలు ముందర నిలబడ్డదాన్నీ చూపించి మాదే అని ఈ జన్మలో అనను. ఆ మాట మీదే ఉన్నాను. అయితే ఆ రోజు ఘాటులో అంతమందికి దారి తీయించిన ఆమె ఎవరని మీరు అడిగితే మాత్రం, ప్రమాణం సముద్రంలో కలిసిపోయినా సరే, చెయ్యెత్తి చెప్తాను: ఆమె మా మనిషేనప్పా!