తలుపు పడవ కొండయ్య

నేను చదివింది రెండో తరగతి. అయినా మా నాయన కొండయ్య గురించి రాయడానికి ఈ పెద్దారవీడులో నాకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? రాస్తాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

పెళ్ళికి ముందు నాయన పటాలంలో వంటవాడుగా మలయా వెళ్ళాడు. జపాను యుద్ధం చూసి తిరిగొచ్చి మార్కాపురం పలకల గనిలో పనికి కుదిరాడు. ఆయన చెప్పే కథ ఒక్కటే. జపానువాళ్ళు పడవల్లో వచ్చారు. పడవ ఇసుకను తాకగానే దాని ముందు భాగం తలుపులా కిందికి పడింది. ఆ తలుపు మీదుగా సిపాయిలు దిగి పరుగెత్తారు.

సముద్రం మొహం చూడని ఊరు మాది. "పడవకు తలుపేంది మామా? నీళ్ళు లోపలికి రావా?" అని నవ్వినవాడు నాకు వరసకు బావయ్యే ఆదిశేషు. తలుపు పడవ కొండయ్య అని పేరు పెట్టిందీ వాడే. నాయన పలక మీద ఆ పడవ గీసి అందరికీ చూపేవాడు.

నా పెళ్ళిచూపులకు వెలిగండ్ల నుంచి వచ్చినవాళ్ళు కూడా "తలుపు పడవాయన కూతురా!" అని నవ్వారు. వాళ్ళు గడప దాటి వెళ్ళగానే ఆ పలకను బండకేసి కొట్టాను. "నీ అబద్ధాలు ఇంక చాలు నాయనా" అన్నాను. ఆయన ముక్కలు ఏరుకున్నాడు. చచ్చేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న మధ్యాహ్నం మనవరాలు రేణుక కంప్యూటర్‌లో యుద్ధం ఆట ఆడుతుంటే, కందిపప్పు ఏరుతూ అటు చూశాను. సముద్రం, జపాను జెండాలు. ఒక పడవ ఒడ్డుకు తగిలింది. దాని ముందు భాగం తలుపులా కిందికి పడింది.

చేట చేతిలోంచి జారిపోయింది. పప్పు ఇల్లంతా.

"ఏందవ్వా, ఏమైంది?"

"ఆ పడవ... ఆటవాళ్ళు అల్లినారా, నిజంగా ఉండెనా?"

"నిజంగానే ఉండె అవ్వా. ఫోటోలు కూడా ఉండాయి. మలయాలో దిగింది వీటిల్లోనే."

"మరి పగలు చూపిస్తాండారేంది? సముద్రం ఇంత నిమ్మళంగా ఉందేంది? వాళ్ళు చీకట్లో దిగినారు. అలలకు పడవలు తిరగబడినాయి. మా నాయన చెప్పినాడు."

రేణుక ఫోన్‌లో వెతికింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "అవ్వా, మీ నాయన చెప్పినట్లే ఉంది. ఈ ఆటదే తప్పు."

నేను చేట పక్కకు తోసి లేచాను.

ఆదిశేషును పిలిపించాను. ఎనభై అయిదేళ్ళవాడు, చెయ్యి పట్టుకుంటేగాని నడవలేడు. "అద్దాలు తుడుచుకోని చూడు బావా" అన్నాను. తెర మీద తలుపు పడింది. నవ్వితే నాలుగు దులుపుదామని కాచుకొని కూర్చున్నాను. వాడు నవ్వలేదు.

"నీళ్ళు రాలేదే" అన్నాడు. "మామను ఊరికే నవ్వులపాలు చేస్తినే చెన్నమ్మా."

"నువ్వు నవ్వినావంతే బావా. పలక పగలగొట్టింది నేను."

రేణుక ఆట ఆపబోయింది. వద్దన్నాను. ఆ తలుపు ఇంకోసారి పడనివ్వమన్నాను.