ఆవులప్ప మొక్కిన జుట్టు

బెంగళూరు పక్క కాడుగోడి సంతలో కొత్తిమీర అమ్ముకునే ఆవులప్ప మాలూరు దాటి ఎరగడు. అట్లాంటి మనిషి, అరవై ఐదులో పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిన వారానికే మూడు రైళ్లు మారి అమృత్‌సర్‌లో దిగాడు. కొడుకు మునిరాజు కడుపులో తూటా తగిలి అక్కడి ఆస్పత్రిలో పడున్నాడని ఉత్తరం వచ్చింది మరి!

రైలెక్కకముందే మొక్కుకున్నాడు. "నా బిడ్డ పండుకున్న ఊర్లో ఏ దేవుడుంటే ఆ దేవుడికి తలనీలాలు ఇస్తా." ఊరుగాని ఊర్లో మంగలి దొరకడేమోనని తమ ఊరి మంగలి పాపయ్యను బతిమాలి, వాని కత్తి తువ్వాల్లో చుట్టుకొచ్చాడు. మొండిఘటం!

తీరా వస్తే కొడుకు ఒళ్లు కాలిపోతోంది, తండ్రిని గుర్తుపట్టలేదు. మదరాసు నర్సమ్మ అరవంలో చెప్పింది, సాయంత్రంలోగా జ్వరం దిగకుంటే కష్టమేనని. మొక్కు చెల్లించలేదు, అందుకే బిడ్డకిట్లా అయిందనుకున్నాడు ఆవులప్ప. ఈ ఊరి దేవుడెక్కడమ్మా అంటే ఆమె సిక్కుల బంగారు గుడికి దారి చూపించింది.

గుడి వాకిట్లో కాళ్లు కడుక్కునే చోట కూర్చుని, తల తడుపుకుని కత్తి తెరిచాడు. అంతే! నలుగురు సర్దార్లు మీదపడ్డారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు, ఒకడు కత్తి లాక్కున్నాడు. ఒకటే కేకలు. ఆవులప్పకు ఒక్క ముక్క అర్థమైతే కదా!

"ఇడవండప్పా! నా బిడ్డ సచ్చిపోతాడు, ఇడవండి!"

నెరిసిన గడ్డం సర్దార్ ఒకాయన గుంపును తోసుకుని వచ్చాడు. బెంగళూరు కంటోన్మెంటులో పదేళ్లు నౌకరీ చేసిన మనిషి. వచ్చీరాని కన్నడంలో "ఏ ఊరప్పా?" అనేసరికి ఆవులప్ప భోరుమన్నాడు. ఉన్నదంతా చెప్పుకున్నాడు.

ఆయన తన తలపాగా తాకి చూపించాడు. "మేము జుట్టుకు కత్తి తగలనీయమన్నా. అది దేవుడిచ్చింది. ఇక్కడ కోసిస్తే తీసుకునేవాళ్లు లేరు."

"మరి నా మొక్కు? మాట తప్పితే నా బిడ్డ గతి?"

"ఇచ్చెయ్. కోయకుండా ఇచ్చెయ్," అని కత్తి మడిచి చేతిలో పెట్టాడు.

తీసుకునే దేవుడి మనిషే అట్లా అడిగినాక ఇంక పేచీ ఏముంది? ఆవులప్ప తడి తలకు తువ్వాలు చుట్టి, లోపలికెళ్లి దణ్ణం పెట్టుకుని, ఆస్పత్రికి పరుగెత్తాడు.

మంచం దగ్గర ఎవరూ లేరు. మునిరాజులో కదలిక లేదు. నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఆవులప్ప పై ప్రాణాలు పైనే పోయినాయి. చేతికి చెమట అంటింది, అప్పుడు చూశాడు, బిడ్డ కళ్లు తెరిచున్నాడు.

"నాయనా, ఎప్పుడొస్తివి?"

రెండు నెలలకు కాడుగోడిలో కత్తి తిరిగిస్తుంటే, చెవులు దాటిన ఆ జుట్టు చూసి పాపయ్య నవ్వాడు. "ఏమన్నా ఈ అవతారం! కూసో, గీసేస్తా."

ఆవులప్ప రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

"తాకద్దు పాపయ్యా. ఇది నాది కాదప్పా, ఇచ్చేసి వస్తిని."